తెర మీద పాత మైదానాలు: అనంతపురం గోల్ఫ్ గదిలో ఎనిమిది నెలలు

అనంతపురంలో బెంగళూరు వైపు పోయే రోడ్డు మీద, టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో, గోల్ఫ్ సిమ్యులేటర్ గది ఒకటి తెరిచి ఏడాది కావస్తోంది. ఎనిమిది నెలలుగా వారానికి ఒకసారి, తీరిక దొరికిన వారం రెండుసార్లు, అక్కడికి వెళ్తున్నాను. మెచ్చుకోవలసిన వాటితో పాటు లోపాలను కూడా చెప్పవలసి ఉంది కనుక గది పేరు రాయడం లేదు.

రాస్తున్నవాడు ఏపాటి ఆటగాడో తెలియకపోతే ఇలాంటి సమీక్షకు విలువ ఉండదు కాబట్టి నా సంగతి ముందే చెబుతాను. నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. నలభై దాటాక, సికింద్రాబాదులో డెప్యుటేషన్ మీద ఉన్న రోజుల్లో, ఒక కంటోన్మెంటు మైదానంలో గోల్ఫ్ మొదలుపెట్టాను. అక్కడ గ్రీన్లు, అంటే బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ ఉండే నున్నని చోట్లు, పచ్చగా ఉండేవి కావు. ఇసుకకు నూనె పట్టించి, గుండ్రంగా పరిచి, పలకతో చదును చేసిన బ్రౌన్ల మీద పుట్టింగ్ చేసేవాళ్ళం, అంటే బంతిని దొర్లించి రంధ్రంలో వేసేవాళ్ళం. నా హ్యాండిక్యాప్, అంటే మంచి ఆటగాడికన్నా నాకు ఎక్కువ పట్టే దెబ్బల అంచనా, ఇరవై రెండు. ఏళ్ళ తరబడి అది తగ్గలేదు, ఇక తగ్గుతుందన్న ఆశా లేదు. డ్రైవర్ అనే పొడుగు కర్రతో బంతి 200 గజాలు పోయిన రోజున ఆ మాట ఇంట్లో నాలుగుసార్లు చెబుతాను.

గది పొడవు ఇరవై అడుగులు, ఎత్తు పదడుగుల పైచిలుకు ఉంటుంది. ఎదురుగా మందపాటి గుడ్డ తెర, దాని మీద ప్రొజెక్టరు బొమ్మ, కాళ్ళ కింద పచ్చిక లాంటి చాప. పక్కనున్న చిన్న పెట్టెలోని కెమెరాలు బంతి బయలుదేరిన వేగాన్ని, లేచిన కోణాన్ని, తిరుగుడును కొలుస్తాయి. బంతి తెరకు తగిలి కింద పడేలోపే కంప్యూటరు మిగిలిన ప్రయాణమంతా లెక్కగట్టి బొమ్మలో చూపిస్తుంది. అంటే బంతి నిజంగా ప్రయాణించేది నాలుగడుగులు వేసినంత దూరమే, మిగిలినదంతా గణితం. ఆ గణితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చూడటానికి బెంగళూరు మైదానంలో నా ఏడో ఐరన్ (మధ్యరకం దూరాలకు వాడే కర్ర) దూరాలను రాసుకుని వచ్చి పోల్చాను. ఐదారు గజాల తేడాతో సరిపోయాయి. నా చేతి నిలకడ అంతకన్నా తక్కువ కాబట్టి యంత్రాన్ని తప్పుపట్టలేను.

రుసుము ఉదయం పూట గంటకు 800 రూపాయలు, సాయంత్రం 1200. ఒక్కడే ఆడితే పూర్తి ఆట, అంటే పద్దెనిమిది హోల్స్ (తొలి దెబ్బ కొట్టే చోటు నుంచి రంధ్రం దాకా ఒక హోలు), గంటన్నరలో అవుతాయి, ముగ్గురు కలిస్తే మూడు గంటలు పడుతుంది కానీ ఖర్చు పంచుకోవచ్చు. నేను ఆడగలిగిన అసలు మైదానాలు బెంగళూరు వైపు, రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్నాయి. తెల్లవారుజామున బయలుదేరి, టోలు, పెట్రోలు, అతిథి రుసుము, క్యాడీ, మధ్యాహ్న భోజనం అన్నీ లెక్కేసుకుంటే ఒక్క రోజు ఆటకు అయ్యే ఖర్చుతో ఈ గదిలో నెల గడిచిపోతుంది. అయితే చవక అన్న ఒక్క కారణంతో నేను ఎనిమిది నెలలు వెళ్ళేవాణ్ణి కాదు.

మొదటి రెండు నెలలు ఈ గదిని నేను తప్పుగా వాడుకున్నాను. ఆ తప్పులో సగం నాది, సగం వాళ్ళది. కొత్తగా వచ్చిన వారెవరికైనా అక్కడి కుర్రవాడు ముందుగా పెట్టి ఇచ్చేది అమెరికాలో ఫ్లోరిడాలోని సాగ్రాస్ కోర్సు (గోల్ఫ్ మైదానం) పదిహేడో హోలు. పీట్ డై రూపొందించిన ఈ కోర్సు 1980లో తెరుచుకుంది. సుమారు 137 గజాల దూరంలో నీళ్ళ మధ్య ద్వీపం లాంటి గ్రీన్ ఉంటుంది. బంతి నీళ్ళలో పడినప్పుడల్లా స్పీకర్లలో బుడుంగుమని శబ్దం వస్తుంది, వెనక కూర్చున్నవాళ్ళు కేకలు వేస్తారు. పుట్టినరోజు పార్టీలకు వచ్చే పిల్లలకు అంతకు మించిన వినోదం లేదు. నేనూ ముప్పై బంతులు ముంచాను. కానీ నాలుగోసారికి విసుగు పుట్టింది, ఎందుకంటే ఆ హోలు అడిగేది ఒకే ప్రశ్న, దానికి జవాబూ ఒకటే. ద్వీపం మీద పడ్డావా, లేదా? పడితే బతికావు, లేకపోతే మళ్ళీ కొట్టు. ఆలోచించడానికి అక్కడ ఏమీ లేదు. పీట్ డైకి అన్యాయం చేయకుండా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన 1963లో స్కాట్లండు వెళ్ళి పాత మైదానాలు తిరిగి చూసి వచ్చినవాడు, అక్కడ నేర్చుకున్నది ఆయన కట్టిన కోర్సులన్నిటా కనిపిస్తుంది. ఈ గదిలో మాత్రం ఆయన పేరు చెబితే అందరికీ నీళ్ళే గుర్తొస్తాయి.

ఆ విసుగులో కోర్సుల పట్టిక తిరగేసి స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు పెట్టించాను. గోల్ఫ్‌కు పుట్టినిల్లు అని వినడమే కాని ఎప్పుడూ చూసింది లేదు. తెర మీద అది తేలగానే నీరుగారిపోయాను. చెట్టు లేదు, చెరువు లేదు, ఎటు కొట్టాలో చెప్పే గుర్తు లేదు. కుర్రవాడు నా ముఖం చూసి, "దీంట్లో ఏం మజా ఉంటాది సార్, మన తాడిపత్రి రోడ్డు పక్క బీడు మాదిరి ఉంది," అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే అనిపించింది. ఎత్తుగా కొట్టిన బంతి పడిన చోటే అతుక్కుని నిలబడుతోంది, బంకర్లు, అంటే ఇసుక గుంతలు, ఎక్కడో పక్కన అలంకారానికి ఉన్నట్టున్నాయి. పదకొండు హోల్స్ ఆడి ఆపేశాను.

నా కళ్ళు తెరిపించినవాడు మా మిత్రుడు, పళ్ళ డాక్టరు. ఆయన నాకన్నా బాగా ఆడతాడు, ఆ సంగతి తరచూ గుర్తు చేస్తాడు కూడా. ఒకరోజు నాతో వచ్చి, బంతి కొట్టే ముందు తెర మూలనున్న మెనూ తెరిచి చూసి నవ్వాడు. అందులో నేల మెత్తన, గాలి సున్నా అని ఉంది. "ఏమప్పా, ముప్పై ఏండ్లు కాలువల కాడ పన్జేసినోనివి, నేల తడిగా ఉందో ఎండిపోయుందో చూడకుండానే ఆడతాండావా?" అన్నాడు. నేలను గట్టిగా, గాలిని ఒక మోస్తరుగా మార్చి మొదటి హోలు నుంచి మళ్ళీ పెట్టించాడు. నేను అంతకుముందు ఆడిన కోర్సు అది కాదని రెండో హోలుకే తెలిసిపోయింది.

సముద్రానికీ సాగు భూములకూ మధ్య ఉండే ఇసుక నేలను స్కాట్లండులో లింక్స్ అంటారు. వాన నీళ్ళు అక్కడ నిలవవు, సన్నని గడ్డి కింద నేల గట్టిగా ఉంటుంది, పడిన బంతి చాలా దూరం దొర్లుతుంది. ఓల్డ్ కోర్సును ఫలానావారు రూపొందించారని చెప్పడానికి లేదు. ఆ నేల మీద శతాబ్దాలుగా ఆడుతూ పోగా ఏర్పడిన మైదానం అది. 1764లో కొన్ని పొట్టి హోల్స్‌ను కలపగా ఇరవై రెండు కాస్తా పద్దెనిమిది అయ్యాయి, తర్వాత ప్రపంచమంతా ఆ లెక్కనే పట్టుకుంది. 1865 నుంచి దాన్ని చూసుకున్న ఓల్డ్ టామ్ మారిస్ కూడా ఉన్నదాన్ని సరిదిద్దినవాడే. పద్నాలుగు హోల్స్‌కు కలిపి ఏడే గ్రీన్లు ఉంటాయి, ఒక్కో గ్రీన్‌ను రెండేసి హోల్స్ పంచుకుంటాయి. అలా పంచుకునే హోల్స్ అంకెలు కూడితే ప్రతిసారీ పద్దెనిమిదే వస్తుంది: రెండు, పదహారు, మూడు, పదిహేను, ఇట్లా. ఉద్యోగంలో లెక్కలతో బతికినవాణ్ణి కనుక ఆ సంగతి తెలిసిన రాత్రి కాగితం మీద వేసి చూసుకుని మురిసిపోయాను.

ఆ మైదానంలో 112 బంకర్లున్నాయి. మెత్తని నేల మీద వాటికి పని లేదు, బంతి నేరుగా వాటిలో పడితే తప్ప ప్రమాదం లేదు. నేల గట్టిపడగానే ప్రతి గుంతకూ ప్రాణం వచ్చింది. చుట్టూ ఉన్న మెరకలు, పల్లాలు బంతిని మెల్లగా తిప్పి గుంతలోకి చేరుస్తున్నాయి. అప్పుడు నాకు తట్టింది. బంకరును దాని అంచుల మధ్య కొలవకూడదు, దాని పరీవాహక ప్రాంతాన్ని కొలవాలి. చెరువు విస్తీర్ణం కొన్ని ఎకరాలే కావచ్చు, కానీ ఎన్ని కొండల మీద కురిసిన వాన అందులోకి దిగుతుందో చూసి కదా మనం ఆ చెరువును అంచనా వేస్తాం. మంచం పట్టేంత గుంత పాతిక గజాల దూరం నుంచి వచ్చే బంతిని కూడా లాక్కుంటోందంటే, దాన్ని తప్పించుకునే దారి గుంతకు దూరంగా నేల వాలు ఎక్కడ మొదలవుతుందో అక్కడ వెతకాలి. ఉద్యోగంలో నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ పట్టుకుని చేసిన పని అదే. గోల్ఫ్‌లో దాన్ని వాడవచ్చని అంతవరకు నాకు తట్టలేదు.

ఇక ఈ గదిలో నేను ఎక్కువగా ఆడిన హోలు గురించి కాస్త వివరంగా రాస్తాను. ఎడింబరోకు తూర్పున ఉన్న నార్త్ బెర్విక్ వెస్ట్ లింక్స్‌లో అది పదిహేనోది, పేరు రెడాన్. క్రిమియా యుద్ధంలో సెవస్తోపోల్ దగ్గర రష్యన్లు కట్టిన కోట భాగానికి ఆ పేరుండేది. 1855లో బ్రిటిష్ సైన్యం దాని మీద దాడి చేసి విఫలమైంది. ఈ హోలు పార్ మూడు, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సినది, వెనక టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) నుంచి దగ్గర దగ్గర 190 గజాలు ఉంటుంది. నేను ముందు టీ నుంచే ఆడతాను. గ్రీన్ కొంత మిట్ట చాటున ఉండటంతో పూర్తిగా కనిపించదు. ఎడమ వైపు ముందర లోతైన బంకరు ఉంది. గ్రీన్ అడ్డంగా, ఏటవాలుగా పరుచుకుని, ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకు దిగిపోతుంది. అంటే రంధ్రంలో గుచ్చిన జెండా వైపు నేరుగా కొడితే బంకరు మీదుగా పోవాలి, దాటినా బంతి ఆగకుండా వాలు వెంట వెనక్కి జారిపోతుంది. నేల ఆటగాడికి ఎదురు వాలడం వదిలేసి అవతలికి వాలింది. మొదటిసారి చూసినవాడు దీన్ని అన్యాయం అంటాడు, నేనూ అన్నాను.

దారి వేరే ఉంది. జెండాను మరిచిపోయి, గ్రీన్ కుడి మూలకు కాస్త ముందర, నేల మెరకగా ఉన్నచోట బంతిని దించాలి. అది అక్కడ పడి, ఒక్క క్షణం తటపటాయించినట్టు నెమ్మదించి, ఎడమకు మళ్ళి, వాలు పట్టుకుని ఇరవై ముప్పై గజాలు దొర్లి జెండా వైపు వెళ్తుంది. దూరం కొట్టలేని నాలాంటివాడికి కూడా ఈ దారి తెరిచే ఉంది. బలమున్నవాడు గాలిలో పంపడానికి ప్రయత్నించవచ్చు, గురి తప్పితే బంకరు ఉంది. బలం లేనివాడు నేలను నమ్ముకోవచ్చు, ఆ నేలను సరిగా చదివి ఉండాలి. ఒక్క హోలులో ఇద్దరికీ పని పెట్టి, ఇద్దరినీ ఆలోచింపజేసిన ఆ అమరిక నాకు అర్థమైన రోజున, ఇచ్చిన గంటంతా అదొక్కటే నలభైసార్లు ఆడాను. కుర్రవాడు నాకు ఏదో అయిందనుకున్నాడు.

అమెరికాలో చార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ చేసింది కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. 1870లలో సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకుని అక్కడే ఆట నేర్చుకున్న ఆయన, లాంగ్ ఐలండ్‌లో 1911లో తెరిచిన నేషనల్ గోల్ఫ్ లింక్స్‌లో నాలుగో హోలును రెడాన్ నమూనాలో కట్టాడు. కొలతలకు కొలతలు దించేయలేదు, ఆ హోలు పనిచేసే సూత్రాన్ని తీసుకుని తన నేలకు అమర్చుకున్నాడు. మా శాఖలో తూములకు టైపు డిజైన్లు ఉండేవి. వాటిని అలాగే కాపీ కొట్టే ఇంజినీర్లూ ఉండేవారు, స్థలం చూసి మార్చుకునేవారూ ఉండేవారు. మెక్‌డొనాల్డ్ రెండో రకం.

గదిలో చూసింది నిజమో కాదో తేల్చుకోవడానికి నేనొక పని చేశాను. ధర్మవరం వైపు మాకు కొంత పొలం ఉంది. వేరుశెనగ పీకేశాక అక్కడి ఎర్ర నేల ఎండి రోడ్డులా గట్టిపడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, స్కాట్లండు నేల గట్టిదనం కోసం ఇంకెక్కడికో పోనక్కరలేదు. వంక వైపు ఎడమకు దిగే చెక్కలో ఒక తువ్వాలు పరిచి, వంద అడుగులు వెనక్కి వచ్చి, ఏడో ఐరన్‌తో తువ్వాలుకు బాగా కుడిగా, తక్కువ ఎత్తులో కొట్టాను. బంతి మెరక మీద పడి, దుమ్ము లేపి, రెండుసార్లు ఎగిరి, ఆ తర్వాత నేల చెప్పినట్టు ఎడమకు తిరిగి తువ్వాలు పక్కనుంచి పోయి వంక గట్టు దగ్గర ఆగింది. కౌలుకు చేసే రైతు పక్కనే నిలబడి చూసి, "మడికి నీళ్ళు కట్టినట్టే పోతాంది సార్ బంతి," అన్నాడు. లింక్స్ గోల్ఫ్ గురించి నేను విన్నవాటిలో ఇంత తక్కువ మాటల్లో ఇంత సరిగా చెప్పింది మరొకటి లేదు.

పొలం నుంచి తిరిగి వచ్చేటప్పుడు బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద కాసేపు ఆగాను. విజయనగరం కాలంలో, 14వ శతాబ్దంలో, పండమేరుకు అడ్డంగా కట్టిన చెరువు అది. ఆ కాలం వారికి మన యంత్రాలు లేవు, మట్టి మోయడానికి మనుషులు, ఎడ్లు తప్ప దిక్కు లేదు. కాబట్టి తక్కువ కట్టతో ఎక్కువ నీళ్ళు నిలిచే చోటును ముందు వెతుక్కోక తప్పలేదు. కట్టడం కన్నా చోటు వెతకడమే అసలు పని. బుల్డోజర్లు రాకముందు గోల్ఫ్ మైదానాలు కట్టినవారిదీ ఇదే పరిస్థితి. గుర్రాలు లాగే పారలతో కొండలను కదిలించలేరు కనుక, గ్రీన్‌కు తగిన మిట్ట ఎక్కడుంది, ఫెయిర్‌వేకు (గ్రీన్ దాకా ఉండే కోసిన గడ్డి దారికి) తగిన పల్లం ఎక్కడుంది అని రోజుల తరబడి కాలినడకన తిరిగేవారు. అలాంటి మైదానాలు రూపొందించిన అలిస్టర్ మెకంజీ వృత్తిరీత్యా వైద్యుడు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో బోయర్లు తమ కందకాలను పరిసరాల్లో కలిసిపోయేలా దాచిన తీరు చూసి, మనిషి చేసినది ప్రకృతి చేసినట్టే కనబడాలన్న పాఠం అక్కడ నేర్చుకున్నాడు. ఆయన చేతి కోర్సుల్లో కాలిఫోర్నియాలోని సైప్రస్ పాయింట్ 1928లో తెరుచుకుంది. అమెరికా ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి చేసిన అగస్టా నేషనల్‌లో 1934 మార్చిలో జరిగిన తొలి పోటీని చూడకుండానే, ఆ జనవరిలో ఆయన కన్నుమూశాడు.

బాబీ జోన్స్ కథ ఓల్డ్ కోర్సు చేదుగా మొదలై తీపిగా మారడాన్ని చెబుతుంది కనుక నాకు ఊరట. చివరిదాకా డబ్బు కోసం ఆడని న్యాయవాది ఆయన. 1921లో బ్రిటిష్ ఓపెన్ పోటీలో మొదటిసారి అక్కడ ఆడుతూ, పదకొండో హోలులో హిల్ బంకరులో చిక్కుకుని, విసిగి పోటీ మధ్యలోనే విరమించాడు. 1927లో అదే మైదానంలో ఓపెన్ గెలిచాడు, 1930లో అక్కడే బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు. నేను కూడా మొదటిసారి పదకొండు హోల్స్ ఆడి ఆపేశానని పైన రాశాను. పోలిక అంతటితో సరి.

ఓల్డ్ కోర్సు పదిహేడో హోలు, రోడ్ హోల్, ఈ గదిలో ఆడటానికి రెడాన్ తర్వాత అంత గొప్పది. ఓపెన్ పోటీల్లో 495 గజాల పార్ నాలుగు. కుడి వైపు హద్దు అవతల హోటలు, గ్రీన్ వెనక రోడ్డు, దాని వెనక గోడ, గ్రీన్ ముందర ఎడమన నిటారు గోడల బంకరు. హద్దుకు ఎంత దగ్గరగా తొలి దెబ్బ కొడితే గ్రీన్ అంత తిన్నగా దొరుకుతుంది. భయపడి ఎడమకు కొట్టినవాడికి బంకరు అడ్డు వస్తుంది. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ మీదికి చేరి, అక్కడి నుంచి చేసిన పుట్ వాలు పట్టి బంకరులోకి దొర్లిపోతే, బయటపడటానికి నాలుగు దెబ్బలు పట్టి మొత్తం తొమ్మిదితో ముగించాడు. ఈ గదిలో నేను అదే బంకరులో పడి పదకొండు దెబ్బల దాకా వెళ్ళాను. నాకు చప్పట్లు కొట్టినవాడు పళ్ళ డాక్టరు ఒక్కడే.

పట్టికలో అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కూడా ఉంది. డొనాల్డ్ రాస్ రూపొందించిన ఈ కోర్సు 1907లో తెరుచుకుంది, 1930ల మధ్య దాకా దాని గ్రీన్లు కూడా ఇసుకవే. నా సికింద్రాబాదు బ్రౌన్లకు అంత పెద్ద బంధువు ఉన్నాడని తెలిసి గర్వపడ్డాను. తర్వాతి కాలంలో పరిచిన పచ్చికను 2010 తర్వాత పదుల ఎకరాల మేర పీకేసి, ఇసుకను, ఎండు గడ్డిని తిరిగి తెచ్చారు, దాంతో నీటి వాడకం బాగా తగ్గింది. 2014 జూన్‌లో పురుషుల, మహిళల యు.ఎస్. ఓపెన్‌లు అక్కడ వెంటవెంటనే జరిగినప్పుడు మైదానం గోధుమ రంగులో ఉంది. పచ్చదనమే అందమనుకునేవారు ముఖం చిట్లించారు. మన జిల్లాలో ఎప్పుడైనా గోల్ఫ్ మైదానం కడితే ఆ రంగులోనే కట్టాలని నా అభిప్రాయం.

కానీ పైన్‌హర్స్ట్ దగ్గరే ఈ గది అసలు బలహీనత బయటపడుతుంది. అక్కడి గ్రీన్లు బోర్లించిన పళ్ళేల్లా ఉంటాయి, అంచుకు చేరిన బంతి నాలుగు వైపులా జారిపోతుంది. ఆ తర్వాత చేసే చిన్న చిన్న దెబ్బల్లోనే ఆ కోర్సు రుచంతా ఉంది. కెమెరా పెట్టెకు మాత్రం అంత నెమ్మదిగా కదిలే బంతి సరిగా అందదు. పది గజాలు పోవలసిన చిప్ (గ్రీన్ దగ్గర కొట్టే చిన్న దెబ్బ) ఒకసారి నాలుగు గజాల్లో, మరోసారి పద్దెనిమిది గజాల్లో ఆగుతుంది. పుట్టింగ్ సంగతి చెప్పనే అక్కరలేదు. గ్రీన్ మీద వాలు కంటికన్నా ముందు పాదాలకు తెలుస్తుంది, ఇక్కడ పాదాల కింద చాప ఒక్కటే. రంగు గీతలు చూపించి వాలు ఇంత అని చెబితే, ఫోటో చూసి పెళ్ళి సంబంధం ఖాయం చేసుకున్నట్టు ఉంటుంది. రంధ్రానికి ఆరడుగుల లోపల ఆగిన బంతిని రంధ్రంలో పడినట్టు లెక్కించే ఏర్పాటు ఉంది, దాన్ని పెట్టుకోవడమే మేలు.

కోర్సుల నాణ్యత కూడా ఒక్క తీరుగా లేదు. పేరున్న మైదానాలను నేల ఎత్తుపల్లాలతో సహా శ్రద్ధగా చేశారు. కొన్నిటిలో మాత్రం వాలు ఎటుండాలో అటు లేదని నాకే అనుమానం వచ్చింది. కరెంటు పోతే ప్రొజెక్టరు వెలుగుతుంది కానీ కంప్యూటరు ఆరిపోతుంది. ఒక సాయంత్రం పద్నాలుగో హోలు దాకా బాగా ఆడిన రౌండు అలా గల్లంతయింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, అడగ్గా అడగ్గా మరుసటి వారం అరగంట ఎక్కువ ఇచ్చారు. నేల గట్టిదనం, గాలి మార్చే మెనూ ఎక్కడుందో అక్కడి కుర్రవాడికి నేనే చూపించాను. ఇప్పుడు పాత కోర్సు అడిగినవాళ్ళకు అతనే "గట్టి నేల పెట్టమంటారా సార్?" అని అడుగుతున్నాడు, అది మాత్రం సంతోషం. వెళ్ళాలనుకునేవారు ఉదయం పూటే వెళ్ళాలి. సాయంత్రం పార్టీల గోలలో రెడాన్ ఆడటం కష్టం.

మరో లోపం నేను స్వయంగా కనిపెట్టి సరిచేయించాను, దాని ఫలితం కూడా రాయాలి. చాప మీద నిలబడినప్పుడల్లా ఏదో తేడాగా అనిపించేది. ఒకరోజు ఇంట్లోని రసమట్టం తీసుకుని వెళ్ళి చూస్తే, నేను నిలబడే చోటు కన్నా బంతి ఉండే వైపు వేలెడు ఎత్తుగా ఉంది. యజమానిని పిలిచి నీటి బుడగ ఎటు పోయిందో చూపించాను. కోపగించుకోకుండా, మరుసటి వారానికల్లా కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టించి మట్టం చేయించాడు. ఆ పెద్దమనిషి తీరుకు పూర్తి మార్కులు వేస్తాను.

బంతి కాళ్ళకన్నా ఎత్తులో ఉంటే కుడిచేతి వాటం వాడి దెబ్బ ఎడమకు వంగుతుంది. రెడాన్‌కు కావలసింది సరిగ్గా ఆ వంపే. ఇన్ని నెలలుగా నా ప్రతిభ అనుకున్నది కొంత ఆ వేలెడు ఎత్తు నుంచి వచ్చిందేనని మట్టం చేసిన మొదటి ఉదయమే తేలిపోయింది. కుడి మూలకు కొట్టిన పది బంతుల్లో ఏడు అక్కడే కుడివైపున నిలిచిపోయాయి, ఎడమకు తిప్పబోయిన మూడు బంకరులో పడ్డాయి. పళ్ళ డాక్టరు ప్లైవుడ్ ముక్కలు తీయించమని సలహా ఇచ్చాడు. నేను వచ్చే గురువారం ఉదయం ఎనిమిది గంటలకు మళ్ళీ గంట తీసుకున్నాను, కోర్సు నార్త్ బెర్విక్, నేల గట్టి, చాప మట్టం.